చూపే చేయి, వినే చెవి: ఖరగ్‌పూర్ మ్యూజియం ముందున్న ప్రశ్న

విశ్వవిద్యాలయానికి మ్యూజియం ఎందుకు అన్న ప్రశ్నకు మన దేశంలో తొలి సమాధానం కలకత్తాలో లభించింది. 1937లో కలకత్తా విశ్వవిద్యాలయం సర్ ఆశుతోష్ ముఖర్జీ పేరిట భారతీయ కళల మ్యూజియాన్ని నెలకొల్పింది. దేశంలో ఒక విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన వెలసిన తొలి మ్యూజియంగా దానికి పేరుంది. తొలి క్యురేటర్ దేవప్రసాద్ ఘోష్ రాతి విగ్రహాలతో తృప్తి చెందలేదు. పల్లె స్త్రీలు పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన కాంథాలు, మట్టిబొమ్మలు, పటచిత్రాలు కూడా కళాఖండాలేనని గుర్తించి వాటికి విగ్రహాల సరసన స్థానం కల్పించారు. 1938-41 సంవత్సరాల మధ్య దినాజ్‌పూర్ ప్రాంతంలోని బాణ్‌గఢ్‌లోనూ, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చంద్రకేతుగఢ్‌లోనూ విశ్వవిద్యాలయం తవ్వకాలు జరిపించింది. పుస్తకంలో చదివినదాన్ని విద్యార్థి కంటితో చూసి, చేతితో తడిమి తెలుసుకోవాలన్న ఆశయం ఈ కృషికి మూలం.

ఆశయం ఉదాత్తమైనదే. అయితే విద్యార్థి నేర్చుకోవడంతో విశ్వవిద్యాలయ మ్యూజియం బాధ్యత తీరిపోతుందా? 1952లో బరోడాలోనూ, 1959లో కలకత్తాలోనూ మ్యూజియం శాస్త్రం విశ్వవిద్యాలయ పాఠ్యాంశంగా స్థిరపడింది. అప్పటి నుంచి మ్యూజియంలో పనిచేయడానికి శిక్షణ పొందిన యువతరం తయారవుతూ వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిగ్రీ స్థాయిలోనే ఇంటర్న్‌షిప్‌కు ప్రాధాన్యం ఇవ్వడంతో మ్యూజియంల గడప తొక్కే విద్యార్థుల అవసరం మరింత పెరిగింది. మరోవైపు ప్రజా కార్యక్రమాలు, అంటే ఉపన్యాసాలు, బాలల చిత్రలేఖన పోటీలు, మ్యూజియం దినోత్సవాలు మొదలైనవి వేరొక దారిలో నడుస్తున్నాయి. శిక్షణ లోపలి వ్యవహారమనీ, ప్రజా కార్యక్రమం బయటి వ్యవహారమనీ ఒక విభజన ఏర్పడింది. రెండింటికీ వేర్వేరు నివేదికలు, వేర్వేరు లెక్కలు.

ఈ విభజన మ్యూజియంకు మేలు చేయలేదు. విశ్వవిద్యాలయ మ్యూజియంలో శిక్షణ పొందే విద్యార్థికి అసలు పాఠం ప్రజల నుంచే రావాలి. ప్రజల నుంచి ఏమీ నేర్చుకోకుండా ప్రజలకు చెప్పడానికి సిద్ధపడే శిక్షణ అసంపూర్ణం. ఈ మాట ఎంత నిజమో పరీక్షించి చూడటానికి కళా మ్యూజియం కంటే, కళకు దూరంగా ఉన్నట్టు కనిపించే ఒక సాంకేతిక మ్యూజియమే ఎక్కువ అనువైనది. అది ఖరగ్‌పూర్‌లో ఉంది.

పట్టాల ఊరు, పాఠాల ఊరు

హౌరా నుంచి రైలుమార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే సృష్టించిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదో శతాబ్ది చివరి సంవత్సరాల్లో ఇక్కడ జంక్షన్ నిర్మించింది. కొద్దికాలానికే ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు మరమ్మతు చేసే పెద్ద వర్క్‌షాపు వెలసింది. 1902లో తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కుటుంబాలు పెద్ద సంఖ్యలో తరలివచ్చాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా కుదురుకున్న ఆ మనుషుల సంతతి నేటికీ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు మాట్లాడుతోంది. 1927లో ఈ రైల్వే కార్మికులు జరిపిన సమ్మె భారత కార్మికోద్యమ చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో ఒకరైన వరాహగిరి వెంకటగిరి 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

ఈ పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో హిజ్లీ ఉంది. ఉద్యమకారులతో మామూలు జైళ్లు నిండిపోగా 1930లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ నిర్బంధ శిబిరాన్ని తెరిచింది. 1931 సెప్టెంబర్ 16న పోలీసులు నిరాయుధులైన బందీలపై కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. వారి భౌతికకాయాలను స్వీకరించడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా హిజ్లీకి వచ్చారు. ఆ దారుణాన్ని నిరసిస్తూ కలకత్తాలో జరిగిన బహిరంగ సభలో రవీంద్రనాథ ఠాగూరు మాట్లాడారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ బందీగృహమే విద్యాగృహమైంది. మన తొలి భారత సాంకేతిక విద్యాసంస్థ, ఐ.ఐ.టి. అని అందరూ పిలుచుకునే సంస్థ, ఆ భవనంలోనే ఆరంభమైంది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని లాంఛనంగా ప్రారంభించారు. తొలి విద్యా సంవత్సరంలో 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులు ఉన్నారు. తరగతి గదులు, ప్రయోగశాలలు, కార్యాలయం అన్నీ ఆ పాత కట్టడంలోనే నడిచాయి. 1956లో జరిగిన తొలి స్నాతకోత్సవంలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, నిర్బంధ శిబిరం ఉన్న చోట దేశ భవిష్యత్తుకు చిహ్నమైన సంస్థ నిలవడాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. 1990లో అదే భవనంలో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఏర్పాటైంది.

ఒకే ఆవరణలో మూడు కథలు

ఈ మ్యూజియంలో సాంకేతిక నమూనాలు ఉన్నాయి. ఆరుబయటి ఉద్యానంలో చూపరులు తామే కదిలించి తెలుసుకోదగిన ప్రదర్శనలతో పాటు ఒక హంటర్ యుద్ధవిమానం, ఒక ఆవిరి యంత్రం ఉన్నాయి. విద్యాసంస్థ చరిత్రకూ, మేదినీపూర్ జిల్లా చరిత్రకూ సంబంధించిన పత్రాలను భద్రపరచిన గది ఉంది. అన్నింటినీ తన గోడల మధ్య ఇముడ్చుకున్న భవనం స్వయంగా ఒక చారిత్రక వస్తువు. దేశంలో మరే విద్యాసంస్థకూ ఇంతటి అర్థభారం గల మ్యూజియం భవనం దొరకడం అరుదు.

విమర్శకుడు ఇక్కడ గమనించవలసినది వస్తువుల కొరతను కాదు. బందీల కథ, యంత్రాల కథ, జిల్లా కథ మూడూ ఒకే ఆవరణలో ఉన్నా మూడింటి స్వభావాలు వేరు. బందీగృహం ముందు సందర్శకుడు తల వంచుతాడు. నమూనాల ముందు విద్యార్థిగా మారతాడు. పత్రాల గదిలో చరిత్ర పాఠకుడవుతాడు. ఒక గది నుంచి మరో గదికి నడిచే ఆ నాలుగు అడుగుల్లో మూడు కథలను కలిపే సూత్రం అతనికి అందాలి. దేశానికి యంత్రవిద్య అవసరమని తలచిన తరం, స్వేచ్ఛ కోరినందుకు జైలుపాలైన తరం ఒక్కటే కదా? ఆ యంత్రాలను రేయింబవళ్లు నడిపిన కూలీలు, ఫిట్టర్లు పక్క ఊళ్లోనే కాపురమున్నారు కదా? ఇలాంటి ప్రశ్నలను ఫలకాలు తమంతట తాము అడగలేవు. మనిషి అడగాలి. ఆ మనిషి మ్యూజియంలో శిక్షణ పొందే విద్యార్థి కావచ్చు.

సాంకేతిక నమూనాలు, ఆరుబయటి ప్రదర్శనలు, చారిత్రక పత్రాలు అన్న విభజనను బట్టి చూస్తే, యంత్రాన్ని నడిపిన మనిషి ఏ గదిలోకి వస్తాడన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఇది ఒక్క ఖరగ్‌పూర్ సమస్య కాదు. శాస్త్ర మ్యూజియంలు సూత్రాన్ని చూపుతాయి, కళా మ్యూజియంలు రూపాన్ని చూపుతాయి. సూత్రాన్ని చెమటగా మార్చిన మనిషి, రూపాన్ని పొట్టకూటిగా చేసుకున్న మనిషి రెండు చోట్లా బయటే నిలబడతారు. అయితే ఖరగ్‌పూర్‌లో ఆ మనిషి నిజంగానే కొద్దిపాటి దూరంలో ఉన్నాడు గనుక అతని గైర్హాజరు ఎక్కువగా కనబడుతుంది.

ఆవిరి యంత్రం దగ్గర

ఆరుబయటి ఆవిరి యంత్రాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. శిక్షణార్థి ఆ యంత్రం ముందు నిలబడి బడిపిల్లలకు ఏం చెబుతాడు? నీరు కాగి ఆవిరవుతుందనీ, ఆవిరి వ్యాకోచించి ముషలకాన్ని నెడుతుందనీ, ఆ కదలికే చక్రాన్ని తిప్పుతుందనీ చెబుతాడు. అది సరైన పాఠమే. కాని ఆ పాఠం చెప్పడానికి ఖరగ్‌పూర్ దాకా రానక్కరలేదు. ఏ పాఠశాల గోడమీది బొమ్మ చూపించినా చాలు.

ఖరగ్‌పూర్‌లో మాత్రమే చెప్పగలిగిన పాఠం మరొకటి ఉంది. దశాబ్దాల పాటు అక్కడి వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్లు విప్పి, కడిగి, బిగించిన చేతులు ఆ ఊళ్లో ఉన్నాయి. బాయిలర్‌లో పేరుకున్న గార ఎలా వదిలించేవారు, ఫైర్‌బాక్సులో బొగ్గు ఎక్కడ పలచగా, ఎక్కడ దట్టంగా పరచాలో ఫైర్‌మన్‌కు ఎవరు నేర్పేవారు, సుత్తితో కొట్టిన మోతను బట్టి లోహంలో పగులు ఉన్నదీ లేనిదీ ఎలా పసిగట్టేవారు, కొత్తగా చేరిన కుర్రవాడికి మేస్త్రీ మొదట అప్పగించే పని ఏది? ఇది కూడా యంత్రశాస్త్రమే. పుస్తకానికి ఎక్కని యంత్రశాస్త్రం. దానికి బంగ్లా, హిందీ, తెలుగు, ఇంగ్లీషు మాటలు కలగలిసిన ఒక వృత్తిభాష కూడా ఉంటుంది. ఆ మాటలు ఏ నిఘంటువుకూ ఎక్కకముందే వినిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

కాలం ఇందుకు ఎక్కువ గడువు ఇవ్వదు. భారత రైల్వేలలో బ్రాడ్‌గేజి మార్గాలపై ఆవిరి ఇంజన్ల సాధారణ రాకపోకలు 1995లో ముగిశాయి. అప్పటికి ఉద్యోగంలో ఉన్న యువకులు సైతం నేడు పదవీ విరమణకు చేరువయ్యారు, లేదా చేసేశారు. ఆవిరి యుగంలోనే జీవితమంతా గడిపిన తరం అత్యధికంగా వృద్ధాప్యంలో ఉంది, చాలామంది లేరు కూడా. యంత్రం తుప్పు పట్టకుండా రంగు వేయవచ్చు, పత్రాలను చెద తినకుండా మందు చల్లవచ్చు. జ్ఞాపకానికి అటువంటి మందు లేదు. విని రాసుకోవడం ఒక్కటే మార్గం. మ్యూజియంలో మరో పదేళ్లు ఆలస్యంగా చేయగల పనులు చాలా ఉంటాయి. ఈ పని వాటిలో చేరదు.

కనుక ఆ యంత్రం దగ్గర నిలిపే శిక్షణార్థి మొదట శ్రోత కావాలి, ఆ తరువాతే వ్యాఖ్యాత కావాలి. విశ్రాంత కార్మికుడిని మ్యూజియంకు ఆహ్వానించి, యంత్రం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, అతను చెప్పింది చెప్పినట్టు నమోదు చేసే శిక్షణ ఏ ఉపన్యాసానికీ తీసిపోదు. అప్పుడు వేదిక తారుమారవుతుంది. చూడటానికి వచ్చినవాడు చూపించేవాడవుతాడు.

మ్యూజియం ఊరికి వెళ్లినప్పుడు

ప్రజా కార్యక్రమాల విషయంలో బెంగాల్‌కు గర్వించదగ్గ చరిత్ర ఉంది. 1959లో కలకత్తాలో ప్రారంభమైన బిర్లా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం 1965లో సంచార శాస్త్ర ప్రదర్శనను మొదలుపెట్టింది. ప్రదర్శన వస్తువులను బస్సులో అమర్చి పల్లె బడుల ముంగిటికి తీసుకువెళ్లడం ఆనాటికి సాహసోపేతమైన ఆలోచన. తరువాతి కాలంలో దేశమంతటా సంచార ప్రదర్శనలకు అది మార్గదర్శకమైంది. నగరానికి రాలేని పిల్లవాడి దగ్గరకు నగరమే వెళ్లాలన్న ఆ సంకల్పాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

అయితే ఆశుతోష్ మ్యూజియం, సంచార బస్సు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. మొదటిదానిలో వస్తువులు పల్లె నుంచి పట్నానికి వచ్చాయి. రెండోదానిలో విజ్ఞానం పట్నం నుంచి పల్లెకు వెళ్లింది. పల్లె ఒకసారి ఇచ్చింది, మరోసారి పుచ్చుకుంది. ఇచ్చేటప్పుడు దాని మాట ఎవరూ అడగలేదు, పుచ్చుకునేటప్పుడు బదులు చెప్పే అవకాశం దానికి పెద్దగా లేకపోయింది. ఆనాటి పరిస్థితులలో అది సహజం. సేకరించకపోతే వస్తువులు నశించేవి, చేరవేయకపోతే విజ్ఞానం అందేది కాదు. నేటి తరం చేయవలసిన పని ఆ రెండు ప్రయాణాలనూ కలిపి రాకపోకలుగా మార్చడం.

పటం విప్పి పాడేవారు

ఈ రాకపోకలకు నమూనా ఎక్కడో వెతకనక్కరలేదు. ఖరగ్‌పూర్‌కు సమీపంలోనే పింగ్లా ప్రాంతంలో నయా అనే గ్రామం ఉంది. అక్కడి పటువా కుటుంబాలవారు చిత్రకార్ అన్న ఇంటిపేరుతో ప్రసిద్ధులు. చెట్ల ఆకులు, పువ్వులు, కాయల నుంచి తీసిన రంగులతో పొడవాటి పటాలపై కథలు చిత్రిస్తారు. చుట్టను ఒక్కో గడిగా విప్పుతూ, వేలితో బొమ్మ చూపుతూ కథను పాడి వినిపిస్తారు. వారిలో అధికులు ఇస్లాం మతస్థులు. అయినా రామాయణ కథలనూ, మనసాదేవి కథలనూ తరతరాలుగా పాడుతున్నారు. సునామీ వంటి సమకాలీన విపత్తులు కూడా వారి పటాలకెక్కాయి. 2010 నుంచి ఆ ఊళ్లో ఏటా పటచిత్రాల ఉత్సవం జరుగుతోంది. 2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

తెలుగు పాఠకులకు ఈ కళ కొత్తగా తోచదు. తెలంగాణలోని చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పటాలను ముందుంచుకుని కాకి పడగలవారు మొదలైన కథకులు కులపురాణాలు చెప్పే సంప్రదాయం మనకు ఉన్నదే. చేర్యాలలో గీసేవారు ఒకరు, చెప్పేవారు మరొకరు. నయాలో గీసే చేయి, పాడే గొంతు ఒకరివే. ఈ భేదాన్ని మినహాయిస్తే రెండు చోట్లా సూత్రం ఒక్కటే: బొమ్మ దానంతట అది సంపూర్ణం కాదు, ఎదుట కూర్చున్నవారికి చెప్పినప్పుడే పూర్తవుతుంది.

మ్యూజియం అద్దాల బీరువాలోకి చేరిన పటం ఈ సంపూర్ణతను కోల్పోతుంది. వెలుతురుకు రంగు వెలవకుండా, పురుగు పట్టకుండా దానిని కాపాడటం మ్యూజియం కర్తవ్యమే. కాని కాపాడబడినది సగమేనన్న ఎరుక ఉండాలి. పాట బీరువాలోకి రాదు. పటాన్ని ఒకే ఒక్క గడి కనిపించేలా పరచి, కింద ఊరి పేరూ, శతాబ్దం పేరూ రాసి ఊరుకుంటే సందర్శకుడు ఒక అందమైన బొమ్మను చూస్తాడు, ఒక కథను పోగొట్టుకుంటాడు.

మ్యూజియంలో వివరించడం నేర్చుకునే విద్యార్థికి పటువాను మించిన గురువు లేడు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, పిల్లలు గుంపుగా ఉంటే ఏ ఘట్టాన్ని సాగదీయాలి, ముసలివారు కూర్చుంటే దేనిని క్లుప్తం చేయాలి అన్నది అతనికి తరాల అనుభవం నేర్పింది. ఒక శిక్షణార్థి నయాలో పది రోజులు గడిపి, ఆ తరువాత ఆశుతోష్ మ్యూజియంలోని పాత పటాల ముందు పది రోజులు కూర్చుని, చివరకు ఖరగ్‌పూర్ ఆవిరి యంత్రం దగ్గరకు వస్తే అతని చేతిలో యంత్రం కూడా ఒక పటంలాగా విప్పుకుంటుంది. కళా మ్యూజియంకూ సాంకేతిక మ్యూజియంకూ మధ్య ఉన్న అడ్డుగోడ అక్కడ కరిగిపోతుంది. ఈ మూడు చోట్లూ ఒకదానికొకటి కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉండటం బెంగాల్ అదృష్టం.

ఏ భాషలో?

పట్టణంతో మాట్లాడదలచిన మ్యూజియంకు పట్టణపు భాష కావాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారే ప్రధానంగా అందరి దృష్టిలో ఉన్నారు. అధికార భాష అన్న మాటకు దరఖాస్తులు, ఉత్తర్వులు, కార్యాలయ ఫలకాలు అనే అర్థమే మనకు తట్టుతుంది. ఒక మ్యూజియం వివరణ ఫలకంపై తన భాష కనబడటం పౌరుడికి అంతకంటే తక్కువ గౌరవం కాదు. దరఖాస్తు రాసుకునే భాషలో అతను ప్రభుత్వాన్ని అడుగుతాడు. మ్యూజియంలో కనబడే భాషలో దేశ చరిత్రకు తానూ వారసుడినని తెలుసుకుంటాడు.

సాంకేతిక శక్తి ఇందుకు అడ్డు కాదు. 2018లో జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని నిర్వహిస్తున్నది ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.యే. అనేక భారతీయ భాషల గ్రంథసంపదను ఒక్కచోట వెతుక్కునే వీలు కల్పించిన సంస్థకు, తన ఆవరణలోని వస్తువులకు మూడు నాలుగు భాషల్లో వివరణలు సమకూర్చడం కష్టమైన పని కాదు. దేశం మొత్తానికి ద్వారం తెరిచిన సంస్థ పక్కింటికి కూడా కిటికీ తెరవగలదు. అయితే వివరణను ఇంగ్లీషులో రాసి, తరువాత తెలుగులోకి మార్చినంత మాత్రాన చాలదు. పాత వర్క్‌షాపు మనిషి ఆ భాగాన్ని ఏ పేరుతో పిలిచాడో ఆ పేరే ఫలకం మీదకు రావాలి. అనువాదకుడు కల్పించిన సంస్కృత సమాసం కంటే ఆ ఒక్క మాట విలువైనది.

కొన్ని అభ్యంతరాలు

ఈ ఆలోచనకు సహేతుకమైన అభ్యంతరాలు లేకపోలేదు. సాంకేతిక మ్యూజియం పని శాస్త్ర సూత్రాలను బోధించడమే గాని కార్మికుల జ్ఞాపకాలను పోగుచేయడం కాదని కొందరు అనవచ్చు. ఒక ప్రయోగశాల నమూనాల విషయంలో ఈ వాదం చెల్లుతుంది. నిర్బంధ శిబిరంలో నెలకొని, జిల్లా చరిత్ర పత్రాలను కూడా భద్రపరచే మ్యూజియం విషయంలో చెల్లదు. చరిత్రతో తన సంబంధాన్ని ఆ మ్యూజియం పుట్టినప్పుడే అంగీకరించింది.

జ్ఞాపకాలను నమ్మవచ్చునా అన్నది రెండో అభ్యంతరం. మనుషులు తేదీలు తప్పు చెబుతారు, తమ పాత్రను పెంచి చెబుతారు. నిజమే. కాని కార్మికుడు చెప్పిన పనితీరు సాధ్యమా కాదా అని సరిచూడటానికి యాంత్రిక శాస్త్ర ఆచార్యులు అదే ప్రాంగణంలో ఉన్నారు. సంఘటనలను సరిచూడటానికి పత్రాల గది ఉంది. మౌఖిక సాక్ష్యాన్ని శాస్త్రంతోనూ, పత్రంతోనూ ఏకకాలంలో పోల్చిచూసే సదుపాయం మామూలు చరిత్ర మ్యూజియంలకు ఉండదు. ఇక్కడ అది ఇంటి సొత్తు.

మూడో అభ్యంతరం వ్యయానికి సంబంధించినది. అధికారులు దీనిని నిశితంగా ఆలోచించాలి. వేతనం లేని ఇంటర్న్‌షిప్ చేయగలిగినవారు కలిగిన కుటుంబాల పిల్లలే. రైల్వే కాలనీలో పెరిగిన డిగ్రీ విద్యార్థికి రెండు నెలలు ఊరికే పనిచేసే స్తోమత ఉండకపోవచ్చు. కాని ఆ పని అతనే అందరికంటే బాగా చేయగలడు. తాతగారి భాష అతనికి వచ్చు, ఇళ్లు తెలుసు, ఎవరిని ఏ వరసతో పిలవాలో తెలుసు. కనుక భృతి అన్నది దయగా ఇచ్చేది కాదు, అర్హుడైన శిక్షణార్థిని సంపాదించుకోవడానికి మ్యూజియం పెట్టే పెట్టుబడి. అలాగే తన అనుభవం చెప్పిన వృద్ధుడికీ, పాఠం నేర్పిన పటువాకూ అతిథి ఉపన్యాసకుడికి ఇచ్చే పారితోషికమే ఇవ్వడం న్యాయం. శాలువా కప్పి పంపడంతో ఆ ఋణం తీరదు.

ఆచరణకు ఒక బాట

ఖరగ్‌పూర్ వంటి చోట ఎనిమిది వారాల శిక్షణను మూడు భాగాలుగా ఊహించవచ్చు. మొదటి భాగం వస్తువుతో పరిచయం. కొలతలు తీయడం, నమోదు పుస్తకంలో రాయడం, ఎక్కడ తుప్పు పట్టిందో ఎక్కడ బీట వారిందో చూసి స్థితి నివేదిక తయారుచేయడం ఇందులోకి వస్తాయి. రెండో భాగం మనిషితో పరిచయం. అనుమతి తీసుకుని మాట నమోదు చేయడం, చెప్పినవారి యాసను చెరపకుండా రాయడం, రాసినదాన్ని వారికి చదివి వినిపించి తప్పులు దిద్దించుకోవడం, ఒక ప్రతిని వారి ఇంటికే అందజేయడం ఇందులోని పనులు. మూడో భాగం ప్రజా కార్యక్రమం. తాను తెలుసుకున్నది మ్యూజియంలోనూ, రైల్వే కాలనీలోనూ చెప్పినవారి సమక్షంలోనే వినిపించడం శిక్షణార్థికి తుది పరీక్ష. తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దే పరీక్షకులు ఎదుటే ఉంటారు. ఇంతకంటే కఠినమైన, న్యాయమైన పరీక్ష ఏ విశ్వవిద్యాలయం పెట్టగలదు?

ఇలాంటి కార్యక్రమం ఫలితాన్ని ఎలా కొలవాలి అన్నది చివరి ప్రశ్న. వార్షిక నివేదికల్లో సందర్శకుల సంఖ్య, కార్యక్రమాల సంఖ్య, యోగ్యతా పత్రాల సంఖ్య ఉంటాయి. అవి అవసరమే. వాటి పక్కన మరొక్క గడి చేర్చడం మంచిది: సందర్శకుడి మాట వల్ల ఆ ఏడాది మారిన వివరణ ఫలకాలు ఎన్ని? ఆ గడిలో సున్నా ఉంటే మ్యూజియం చెప్పింది గాని వినలేదని అర్థం. ఒక్క ఫలకం మారినా, ఆ ఫలకం కింద చెప్పినవారి పేరు వారి అంగీకారంతో చేరినా, ఆ సంస్థలో శిక్షణ, ప్రజా కార్యక్రమం రెండూ ఒకే పనిగా సాగుతున్నాయని నమ్మవచ్చు.

దేవప్రసాద్ ఘోష్ తరం పల్లె కుట్టుపనిని విగ్రహాల పక్కకు తెచ్చి కళ అన్న మాటకు అర్థాన్ని విశాలం చేసింది. సంచార బస్సు నడిపిన తరం మ్యూజియం అన్న మాటకు కాళ్లు ఇచ్చింది. ఆ మాటకు చెవులు ఇవ్వడం ఈ తరం వంతు. ఎందరినో నోరెత్తకుండా బంధించడానికి కట్టిన గోడల మధ్య, ఇంతకాలం ఎవరూ అడగని మనుషుల మాట వినిపించడం కంటే ఆ భవనానికి తగిన ఉపయోగం మరొకటి ఉండదు.